ఇసుకలో దిగితేగాని...

నేర్చిన విద్య ఎక్కడికీ పోదని పెద్దలంటారు. మాట నిజమే. కాని చోటు మారినప్పుడు ఆ విద్య మన వెంట ఎంత దూరం వస్తుందనేది మరో ప్రశ్న. చెరువులో ఈత నేర్చినవాడు వరద గోదావరిలో దిగి చూడాలి. హార్మోనియం తోడుగా పాడడం అలవాటైన పిల్ల, ఒట్టి తంబురా శ్రుతిమీద పాడి చూడాలి. అప్పుడుగాని నేర్చినదానిలో తన పాలెంతో, చెరువు పాలెంతో, హార్మోనియం పాలెంతో తేలదు.

ఈ వారం ఈ ప్రసంగం ఎత్తుకోడానికి కారణం అమెరికా కళాశాలల్లో ఆడపిల్లలు ఆడే వాలీబాల్. నాలుగు గోడల మధ్య, నున్నటి చెక్కనేలమీద ఏళ్ళ తరబడి ఆడి పేరు తెచ్చుకున్న పిల్లలు కొందరు, ఆ ఆట ముగియగానే బూట్లు విప్పి, వట్టి కాళ్ళతో ఇసుకలో దిగుతున్నారు. బీచ్ వాలీబాల్ జట్టులో చేరి ఓనమాలనుంచి మొదలు పెడుతున్నారు.

"తెలుగు చెప్పుకునే మీకు ఈ బంతుల గొడవ ఎందుకండీ?" అన్నారు మా కళాశాల లెక్కల మాస్టారు. ఎందుకంటే, ఏటా చేరికల రోజుల్లో నా బల్ల దగ్గరికి ఇల్లాంటి పిల్లలే వస్తారు. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివి, బి.ఏ.లో చేరతామంటారు. వెనకాల తండ్రి నిలబడి ఉంటాడు. ఆయన అడిగేది ఒక్కటే: "రెండేళ్ళు చదివినదంతా బూడిదలో పోసిన పన్నీరేనా మాస్టారూ?" ఆ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకాలలోకంటే ఆ ఇసుకలో స్పష్టంగా కనబడింది.

మన ఊళ్ళల్లో బడి ఆవరణలో రెండు గుంజలు పాతి, వల కట్టి, ఆరుబయట ఆడుకునే ఈ వాలీబాల్ అసలు పుట్టింది ఇంటి కప్పు కింద. 1895లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని హోలియోక్ అనే ఊళ్ళో, వై.ఎం.సి.ఏ. వ్యాయామశాలలో, విలియం మోర్గన్ అనే ఆయన దీన్ని కల్పించాడు. బాస్కెట్‌బాల్ అంత తోపులాట లేకుండా, నడివయసు ఉద్యోగస్తులు కూడా ఆడుకోగల ఆట కావాలని ఆయన ఉద్దేశం. తరవాత అది కాలిఫోర్నియా సముద్రతీరం చేరింది. శాంటా మోనికా ఇసుకలో, 1930 ప్రాంతంలో, ఇటు ఇద్దరూ అటు ఇద్దరూ ఆడే పద్ధతి నిలదొక్కుకున్నది. ఒలింపిక్స్‌లో ఇండోర్ ఆటకు 1964లో టోక్యోలో పీట వేశారు. ఇసుక ఆటకు ఆ పీట దొరకడానికి 1996లో అట్లాంటా దాకా ఆగవలసివచ్చింది.

ఒకే బంతి, ఒకే వల, ఇందులో పెద్ద తేడా ఏమున్నదని అనిపించవచ్చు. లెక్కల మాస్టారు కాగితం తీసి లెక్క కట్టారు. ఇండోర్ కోర్టులో ఒక జట్టు వైపు 9 మీటర్ల పొడుగు, 9 మీటర్ల వెడల్పు. అంటే 81 చదరపు మీటర్లు. కాచుకునేవారు ఆరుగురు. తలకు పదమూడున్నర. ఇసుక కోర్టులో ఒక వైపు 8కి 8. అంటే 64. కాచుకునేవారు ఇద్దరు. తలకు 32. "పొలం కాస్త తగ్గింది గాని కూలీలు మరీ తగ్గిపోయారండీ!" అని ఆయన తేల్చారు. వల ఎత్తు మాత్రం ఒక్క అంగుళం తగ్గలేదు. ఆడవాళ్ళకు అక్కడా ఇక్కడా 2.24 మీటర్లే.

ఇక నేల సంగతి. కోర్టులో ఇసుక కనీసం 40 సెంటీమీటర్ల లోతు, అంటే దాదాపు మూరెడు, ఉండాలి. చెక్కనేల మనం తన్నిన తాపును తిరిగి మనకే ఇచ్చి పైకి లేపుతుంది. ఇసుక ఆ తాపును మింగి కూర్చుంటుంది. ఇండోర్‌లో వల మీద మోచేతి దాకా లేచిన పిల్ల, ఇసుకలో మొదటి వారం మణికట్టు దాకా లేస్తే గొప్ప. పరుగెత్తుకొచ్చి ముందుకు దూకే అలవాటు అక్కడ పనికిరాదు. పాదం కూరుకుపోకముందే నిటారుగా లేవాలి. పైన ఎండ, పక్కన గాలి. బంతిలో గాలి ఒత్తిడి కూడా ఇండోర్ బంతిలో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. అంచేత అది గాలి ఎటు వీస్తే అటు ఊగుతుంది. అందించవలసిన బంతిని కప్పుకేసి ఎత్తుగా లేపే పిల్ల ఇక్కడ దాన్ని కిందుగా, దగ్గరగా ఉంచడం నేర్చుకోవాలి.

నియమాలు కూడా పాత అలవాట్లమీద పగబట్టినట్టుంటాయి. ఇండోర్‌లో గట్టిగా కొట్టబోతున్నట్టు నటించి, వేళ్ళ కొసలతో బంతిని మెల్లిగా అవతల జార్చడం ఒక చమత్కారం. ఇసుకలో అది తప్పు. వేళ్ళ కణుపులతో పొడవాలి, లేదా చెయ్యి బిగించి కొట్టాలి. వల దగ్గర అడ్డు పెట్టిన చేతులకు బంతి తగిలితే ఇండోర్‌లో దాన్ని లెక్కలో వెయ్యరు. ఆ తరవాత కూడా మూడుసార్లు తాకవచ్చు. ఇసుకలో అదీ ఒకటి కిందే లెక్క. మిగిలేవి రెండే.

వీటన్నిటికంటె పెద్ద మార్పు ఒకటున్నది. ఇండోర్ ఆటలో పని పంపకం జరిగిపోయింది. ఒకరు బంతి అందిస్తారు, వారు సెట్టర్. ఒకరు కొడతారు. ఒకరు వల మధ్య నిలబడి అడ్డుకుంటారు. 1998లో అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య లిబెరో అనే స్థానాన్ని కూడా ప్రవేశపెట్టింది. వేరు రంగు చొక్కా వేసుకుని, వెనక వరసలో బంతి అందుకోవడమే ఆమె పని. మధ్యన అడ్డుకునే పొడుగుపాటి అమ్మాయి వెనక వరసకు వచ్చే వేళకు సాధారణంగా ఆమెను బయటికి పిలిచి లిబెరోను పంపుతారు. ఇల్లా ఏళ్ళు గడిచేసరికి ఆ పొడుగు పిల్లకు అవతలివాళ్ళ సర్వీసు అందుకోవలసిన అవసరమే ఎప్పుడోగాని రాదు. అది లోపమని ఆమెకూ తెలియదు, చూసేవారికీ తెలియదు. జట్టు గెలుస్తూనే ఉంటుంది.

ఆ పిల్ల ఇసుకలో దిగిందనుకోండి. ఎదుటివాళ్ళు ఐదు నిముషాల్లో పసిగడతారు. ఇక ప్రతి సర్వీసూ ఆమె మీదికే. పిలవడానికి లిబెరో లేదు. అందుకోవలసింది ఆమె, లేచి కొట్టవలసిందీ ఆమే. పక్కనున్న ఒక్క మనిషీ బంతి అందించడం తప్ప ఎక్కువ సాయం చెయ్యలేదు. ఇన్నాళ్ళూ మరొకరి నైపుణ్యం కప్పిపెట్టిన లోపం ఎండలో బయటపడుతుంది. ఇరవై యేళ్ళు దాటినదానికి, పత్రికల్లో బొమ్మ పడినదానికి, ఇది తేలికగా మింగుడుపడే సంగతి కాదు.

అయినా దిగుతున్నారు. కళాశాలల ఏర్పాటు అందుకు అనుకూలించింది. అమెరికాలో కళాశాలల క్రీడలు నడిపే ఎన్.సి.ఏ.ఏ. సంస్థ కింద ఇసుక ఆట 2012 వసంతంలో మొదలయింది. కనీసం 40 కళాశాలలు జట్లు పెడితేగాని జాతీయ పోటీ నడపకూడదని నియమం. ఆ సంఖ్య నిండి, 2016 మే నెలలో అలబామా రాష్ట్రంలోని గల్ఫ్ షోర్స్ తీరాన మొదటి పోటీ జరిగింది. ఒక్కొక్క కళాశాల ఐదు జంటలను దింపుతుంది. ఐదింట మూడు గెలిచినవారిది గెలుపు. ఇండోర్ ఆట ఆగస్టు చివరినుంచి డిసెంబరు దాకా, ఇసుక ఆట ఫిబ్రవరినుంచి మే దాకా. రెండూ ఒకదానికొకటి అడ్డురావు. ఈ రాకపోకలు బలపడిన రోజుల్లో నిబంధన ఏమిటంటే, ఒక్కొక్క ఆటకూ నాలుగేళ్ళ పోటీ, మొత్తానికి ఐదేళ్ళ గడువు. అంచేత నాలుగు శరత్తులు ఇండోర్ ఆడి ముగించినా, ఇసుకలో ఆడడానికి ఐదో యేడు మిగిలేది.

ఆడపిల్లలకే ఈ ఆట ఎందుకు పెట్టారంటే, 1972లో వచ్చిన టైటిల్ నైన్ అనే చట్టం ఉన్నది. ప్రభుత్వ ధనం పుచ్చుకునే విద్యాలయాలు ఆడా మగా తేడా చూపరాదని దాని సారం. ఆటల్లో ఆడపిల్లల చోట్లు పెంచవలసివచ్చినప్పుడు పదిమంది, పన్నెండుమంది, కొంత ఇసుక ఉంటే సరిపోయే ఈ ఆట చాలామందికి కలిసివచ్చింది. సముద్రం ఉండితీరాలనే నియమం లేదు. ఏ సముద్రమూ లేని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఇంటి కప్పు కింద ఇసుక పోయించి, ఇండోర్ పిల్లలతోనే ఇసుక జట్టు నడిపింది.

ఇక్కడే ఒక చిక్కు. చిన్నప్పటినుంచి ఇసుకలోనే పెరిగిన పిల్లలున్నారు. కాలిఫోర్నియాకు చెందిన సారా హ్యూస్ అల్లాంటిదే. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెల్లీ క్లేస్‌తో జతకట్టి వరసగా 103 ఆటలు గెలిచింది. ఈ విద్యకే జీవితం పెట్టిన పిల్లలకు దక్కవలసిన చోటును, ఇండోర్‌లో గడువు తీరినవాళ్ళు వచ్చి ఆక్రమిస్తే న్యాయమేనా? పది చోట్లలో ఒక చోటు నాలుగు నెలలు ఆడిపోయే అతిథికిస్తే, పదేళ్ళు ఎదురుచూసిన పిల్ల గట్టున కూర్చోవాలి గదా? ఈ ప్రశ్నను తేలికగా తీసిపారెయ్యలేము. కళాశాలలకు సుఖం ఏమిటంటే ఉన్న పిల్లలతోనే రెండు జట్లు నడపవచ్చు. పిల్లలకు కష్టం ఏమిటంటే ఏడాదిలో విశ్రాంతి అనేది మిగలదు. ఇసుక మోకాళ్ళను కరుణిస్తుంది, నిజమే. కాని ఆగస్టునుంచి మే దాకా ఆడే శరీరానికి అలుపు రాకపోదు.

కాని అతిథిగా వచ్చినవారందరూ అతిథులుగానే మిగలలేదు. టారిన్ క్లోత్ అనే అమ్మాయిని చూడండి. ఊరు దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్. దరిదాపుల్లో సముద్రం లేదు. ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. ఒమాహాలోని క్రైటన్ విశ్వవిద్యాలయంలో ఇండోర్ ఆడి ముగించి, పై చదువుకు లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరి ఇసుకలో దిగింది. 2020లో కరోనా మూలంగా ఆట మధ్యలోనే ఆగిపోయింది. ఆగిన యేడును లెక్కలో వెయ్యకుండా మరో యేడు అవకాశమిచ్చారు. 2021లో క్రిస్టెన్ నస్ అనే అయిదడుగుల ఆరంగుళాల అమ్మాయితో జతకట్టి, కళాశాల పోటీల్లో ఆ యేడు ఒక్క ఆట కూడా ఓడలేదు. 2023లో మెక్సికోలో జరిగిన ప్రపంచ పోటీల్లో హ్యూస్, క్లేస్‌లకు స్వర్ణం వచ్చింది. ఆ క్లేస్ అప్పటికి పెళ్ళయి కెల్లీ చెంగ్. కాంస్యం నస్, క్లోత్‌లకు. ఇసుకలో పెరిగిన పిల్లా, చెక్కనేలనుంచి వచ్చిన పిల్లా ఒకే వేదిక ఎక్కారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు అమెరికా పంపిన రెండు ఆడజంటలూ ఇవే. అక్కడ పతకం రాలేదు. నలుగురూ కళాశాల ఇసుకలో ఆడి వచ్చినవారే.

కళాశాలల్లో ఈ ఆట లేని రోజుల్లో కూడా ఈ దారిన నడిచినవారున్నారు. మిస్టీ మే లాంగ్ బీచ్‌లో, కెరీ వాల్ష్ స్టాన్‌ఫర్డ్‌లో ఇండోర్ ఆడినవారు. వాల్ష్ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కూడా ఇండోర్ జట్టులోనే ఉన్నది. ఇద్దరూ ఇసుకలో జంటకట్టి 2004, 2008, 2012 మూడు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం గెలిచారు. మూడింటా కలిపి వారు పోగొట్టుకున్నది ఒక్క సెట్టు. అలిక్స్ క్లైన్‌మన్ ఇండోర్‌లో ఎంత ఆడినా 2016 ఒలింపిక్ జట్టులో చోటు రాలేదు. 2017లో ఇసుకకు మారింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఏప్రిల్ రాస్‌తో కలిసి స్వర్ణం అందుకున్నది. ఒక వాకిలి మూసుకున్నప్పుడు వేరొక వాకిట మళ్ళీ అక్షరాభ్యాసం చెయ్యడానికి ఆమె సిగ్గుపడలేదు.

వీరంతా వెంట తెచ్చుకున్నదేమిటి? దూకిన ఎత్తు కాదు, దాన్ని ఇసుక మింగేసింది. వేళ్ళ చమత్కారం కాదు, దాన్ని నియమం కొట్టేసింది. తెచ్చుకున్నది బంతి రాకముందే అది ఎటు వస్తుందో కనిపెట్టే చూపు. ఓడిన మరునాడు తెల్లవారగట్ల లేచి సాధనకు పోయే అలవాటు. పక్కమనిషి కదలిక చెప్పకుండానే తెలుసుకునే గుణం. అవి మొదటినుంచీ వారివే. మిగిలినదంతా చెక్కనేల అప్పిచ్చింది, గడువు తీరాక తిరిగి పుచ్చుకున్నది.

అందుకే గ్రూపు మార్చుకుంటామని వచ్చిన పిల్లల తండ్రులతో నేను చదివినదంతా మిగులుతుందని చెప్పను, అంతా పోతుందనీ చెప్పను. సూత్రాలు కొన్ని పోతాయి. ఒక లెక్క చివరిదాకా వదలకుండా కూర్చున్న ఓపిక పోదు. ఇంకొకటి కూడా చెబుతాను. కొత్త చోట మొదటి ఆరు నెలలూ మీ పిల్ల తప్పులు చేస్తుంది, తనకంటె చిన్నవాళ్ళు ముందుకు పోతూ ఉంటే చూస్తుంది, ఇంటికి వచ్చి ముభావంగా కూర్చుంటుంది. ఆ ఆరు నెలలూ "మేము ముందే చెప్పాము" అనే మాట ఇంట్లో వినబడకుండా చూసుకోండి. ఇసుకలో కాలు నిలదొక్కుకోడానికి ఆ మాత్రం వ్యవధి ఎంతటి ఆటగత్తెకైనా కావాలి.