కొంకాపల్లి తాలింఖానా

కరాటే పోటీలలో గెలిచినవారు లోకమున వేలకొలది గలరు. గెలిచిన పిదప తమదని చెప్పదగిన పద్ధతిని నిలిపినవారు కొద్దిమంది. మాసుతాత్సు ఒయామా అట్టివాడు. కొరియాలో పుట్టి, జపానులో ఫునాకోషి గిచిన్ వద్ద కరాటే నేర్చి, 1953లో టోకియోలో సొంత అభ్యాసశాల తెరచెను. ఆతని క్యోకుషిన్ పద్ధతి నేడు ఖండఖండములందును నేర్పబడుచున్నది.

అట్టి పురుషుడు మన గోదావరి సీమలోను పుట్టెను. అమలాపురము కొంకాపల్లిలో అబ్బిరెడ్డి రామదాసు 1856లో, అనగా సిపాయిల తిరుగుబాటునకు ఒక యేడు ముందుగా, చెడీ తాలింఖానా నెలకొల్పెను. ఫునాకోషి టోకియోలో తన విద్యను ప్రదర్శించినది 1922లో గదా! రామదాసు వంశమువారును శిష్యులును ఆ విద్యను నేటివరకు కాపాడుకొని వచ్చుట కొనియాడదగినది.

విజయదశమినాడు అమలాపురము వీధులలో వాహనముల ముందు కత్తిసాము, కర్రసాము సాగును. కన్నులకు గంతలు కట్టుకొన్నవాడు, మనిషి మేనిపై నుంచిన కాయను ఒక్క వ్రేటున నరుకును. క్రింది చర్మమునకు గాటైనను పడదు. జనము కేకలు వేయుదురు. మేమును వేసితిమి. కాని గంతలు కట్టి నరకుట ఫలము మాత్రమే; అడుగు వేయుట, చూపు నిలుపుట, ఊపిరి పట్టుట దాని వేళ్లు. వానిని ఊరేగింపులో ఎవ్వరును చూడరు. తీర్పునాడు మాత్రము గ్రంథము విప్పు న్యాయవాదిని ఏ కక్షిదారుడు నమ్మును?

ఒయామా బలముకంటె ఆతని పొందిక గొప్పది. పాఠములకు మెట్లు కట్టెను, పరీక్షలు పెట్టెను, 1958లోనే ఇంగ్లీషున పుస్తకము వెలువరించెను. 1994లో ఆతడు గతించగానే శిష్యులు పలు శాఖలుగా చీలిరి, పీఠమునకై వ్యాజ్యములాడిరి. అయినను ఆతడు కూర్చిన పాఠము శిథిలము కాలేదు.

మన పిల్లలు రంగు పటకాలకై నెలనెలా రుసుము చెల్లించి కరాటే నేర్చుచున్నారు, మంచిదే, నేర్వనిండు. కాని ఇంటి విద్య ఏటికొక రాత్రి వేడుకగా మిగులనేల? 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలోని పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయులు వారమున కొక గంట దీనికీయలేరా? పసివారి చేతికి కత్తి యేలయని తల్లిదండ్రులు శంకింతురు; న్యాయమే. కర్రతో ఆరంభింపవచ్చును. బాలికలకును నేర్పవలెను.

అంతకు ముందు చేయవలసిన పని వేరొకటి గలదు. వృద్ధ గురువులు బ్రతికియుండగానే వారి ప్రతి అడుగును, ప్రతి వ్రేటును పేరుతో, పటముతో వ్రాయింపవలెను. రాబోవు దసరాకు విరాళములు పోగుచేయువారు దీపాలంకరణమునకు కొంత తగ్గించి ఆ వ్రాతపనికి కేటాయింతురుగాక.