ఆసియా పరుగులో తెలుగమ్మాయిలు: మన మెట్ట మండలాలకు ఒక పాఠం

నందిగామ: ఆసియా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ పోటీలు 1973లో ఫిలిప్పీన్స్‌లో మొదలయ్యాయి. సాధారణంగా రెండేళ్లకొకసారి జరుగుతాయి. 1985లో జకార్తాలో కేరళ అమ్మాయి పి.టి. ఉష, ఒక రిలేతో కలిపి అయిదు స్వర్ణాలు గెలిచిన సంగతి పాత తరం పాఠకులకు గుర్తుండే వుంటుంది.

2025 మే నెలాఖరులో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన పోటీల్లో మన దేశానికి 8 స్వర్ణాలతో సహా 24 పతకాలు లభించాయి. ఆ స్వర్ణాల్లో రెండు తెలుగమ్మాయిలవి కావడం గమనార్హం. విశాఖపట్నానికి చెందిన యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.96 సెకన్లలో ముగించింది. 2023లో బాంకాక్‌లోనూ ఆ పందెం ఆమెదే. హైదరాబాదుకు చెందిన అగసర నందిని ఏడంశాల హెప్టాథ్లాన్‌లో 5,941 పాయింట్లతో నెగ్గింది. మహిళల 4×400 రిలేలో స్వర్ణం తెచ్చిన జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన బిడ్డ కుంజా రజిత వుంది.

వీరెవరూ కలిగిన ఇళ్ల పిల్లలు కారు. జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు. నందిని తండ్రి టీ కొట్టు నడిపేవారు. ఆమె సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. జ్యోతి పొడవు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని కనిపెట్టింది బడిలోని వ్యాయామోపాధ్యాయుడే. తర్వాత ఆమె విజయవాడ అవతల, గుంటూరు దారిలోని నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థిని అయింది.

అయితే పరిగెత్తినంత మాత్రాన సరిపోదు. 2020లో విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03 సెకన్లలో పరిగెత్తింది. 2002 నుంచి వున్న 13.38 జాతీయ రికార్డు కంటే అది మెరుగు. కాని డోపు పరీక్ష వంటి లాంఛనాలు జరగలేదని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2022లో కోజికోడ్‌లో 13.09 వస్తే, వెనుక గాలి సెకనుకు 2 మీటర్లు మించిందని అదీ పోయింది. చివరకు అదే ఏడాది మేలో సైప్రస్‌లో 13.23 సెకన్ల పరుగుతో రికార్డు ఆమె పేర నమోదైంది. పత్తి ఎంత పండినా కాటాకెక్కితేనే గదా లెక్క!

మన పిల్లల సంగతి అక్కడే తేలాలి. జగ్గయ్యపేట, నందిగామ మండలాల్లో గట్ల వెంట, కాలువల వెంట పరిగెత్తే ఆడపిల్లలకు కొదవ లేదు. వారి పరుగును గడియారం పెట్టి కొలిచేవారెవరు? పదో తరగతి రాగానే ఆటల పీరియడు లెక్కలకు పోతుంది. మిరప కోతలొస్తే పిల్ల చేలోకి పోతుంది. ఆ వయసు దాటితే ఎంత పెద్ద శిక్షకుడు వచ్చినా చేయగలిగింది తక్కువ.

సింథటిక్ ట్రాకు కావాలని అడగడం తప్పు కాదు. అంతకంటే ముందు తల్లిదండ్రులు బడి సమావేశంలో మూడు ప్రశ్నలు వేయాలి. మైదానం పిల్లలకు అందుబాటులో వుందా? వ్యాయామోపాధ్యాయుడు ఆటలే చెబుతున్నారా, వేరే పనుల మీద తిరుగుతున్నారా? మండల స్థాయి పోటీలకు ఈ ఏడాది ఎంతమంది ఆడపిల్లల పేర్లు పంపారు? ఇందుకు ఖర్చేమీ లేదు. గుమి దాకా వెళ్లిన దారి ఇలాంటి బడి మైదానం నుంచే మొదలైంది.