పోషణకిచ్చిన బిడ్డను మరల చూచువారెవరు?

కన్నవారు లేకయో, ఉండియు సాకజాలకయో దిక్కులేనిదైన బిడ్డను అనాథశాలలో నుంచుటకంటె ఒక యింట నుంచుట మేలని నేడు పెక్కురు ఒప్పుకొనుచున్నారు. మేమును ఒప్పుకొనుచున్నాము. ఫాస్టర్ కేర్ అని పిలువబడు ఈ పద్ధతిని 2015 నాటి బాలల న్యాయచట్టము తన 44వ సెక్షనులో విధించినది. ఇది దత్తత కాదు. దత్తతలో బిడ్డ ఆ యింటి సంతానమగును, వారసత్వమును పొందును. పోషణలో నున్న బిడ్డకు ఆ యిల్లు కొంతకాలపు ఆశ్రయము మాత్రమే. ఆ బిడ్డను అచ్చటికి పంపినది ప్రభుత్వము; కావున ఆ బిడ్డకు జవాబుదారియు ప్రభుత్వమే. పంపిన పిమ్మట చూచుచున్నవారెవరని మేమడుగుచున్నాము.

చట్టము ఈ ప్రశ్నను మఱచినదని చెప్పజాలము. పోషక కుటుంబమును బాలల సంక్షేమ సమితి ప్రతినెలయు తనిఖీ చేయవలెననియు, బిడ్డ నిర్లక్ష్యమునకు గుఱియైనచో అచ్చటినుండి తొలగించి వేఱొక కుటుంబమున కప్పగింపవలెననియు అందు స్పష్టముగా నున్నది. మిషన్ వాత్సల్య క్రింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల సహాయమును ఏర్పఱచినారు. కాగితముమీద లోపము కనబడదు.

కాని ఆ సమితి యెట్టిదో చూడుడు. అధ్యక్షులొకరు, సభ్యులు నలుగురు. నెలకు కనీసము 20 దినములు వీరు సమావేశము కావలెనని అదే చట్టము శాసించుచున్నది. తప్పిపోయిన పిల్లలు, పనిలోనుండి విడిపింపబడిన పిల్లలు, హింసకు లోనైన పిల్లలు, అందఱును వీరి యెదుటికే రావలెను. ఇక జిల్లా యంతయు తిరిగి, ప్రతి పోషకగృహపు గడపను నెలనెల త్రొక్కుట యెన్నడు? చేయజాలని పనిని చేయుమని శాసించుట, చేసినట్లు వ్రాసికొమ్మని సెలవిచ్చుటయే యగును.

మఱియొక దోషము కలదు. కుటుంబమును ఆమోదించి ఆజ్ఞ నిచ్చునది సమితి. ఆ యాజ్ఞ మంచిదో కాదో తనిఖీ చేయునదియు సమితియే. తన తీర్పును తానే తప్పుపట్టుకొనువారు అరుదు. మూడునెలల కొకమాఱు కలెక్టరు సమితి పనిని సమీక్షింపవలెనని చట్టమున నున్నమాట నిజమే. ఆ సమీక్ష సమితి కార్యాలయపు దస్త్రములవఱకు పోవును గాని, బిడ్డ పరుండు చాపవఱకు పోదు.

దస్త్రమును నమ్మి బిడ్డను మఱచినందుకు ఇంగ్లండుదేశము చెల్లించిన వెల లోకమునకు తెలియును. డెన్నిస్ ఓనీల్ అను పండ్రెండేండ్ల బాలుని వేల్సునందలి న్యూపోర్టు పురపాలకసంఘమువారు దూరమున ష్రాప్‌షైరులోని యొక పొలపుటింటికి పోషణకు పంపిరి. 1945 జనవరి 9న ఆ బాలుడు తిండిలేకయు దెబ్బలకును ఆ యింటనే మరణించెను. దానిపై విచారణ జరిగెను. కర్టిస్ సంఘము 1946లో నివేదిక నిచ్చెను. 1948లో కొత్తచట్టము వచ్చెను. ఒక బాలుడు చచ్చినగాని అచ్చట కన్నులు తెఱవబడలేదు. మనమును అట్లే కాచుకొని యుండవలెనా?

మన దేశపు వాడుక మనమెఱుగనిది కాదు. ‘కూతురివలె చూచుకొందుము’ అని పల్లెనుండి తెచ్చిన పిల్ల అంట్లు తోముచు, ఇంటిబిడ్డల పుస్తకముల సంచి మోయుచు పెరుగుట ఎన్ని యిండ్లలో చూడలేదు! అట్టి యింటికి ప్రభుత్వపు ముద్రయు నెలసరి సొమ్మును తోడైనచో ఆ పిల్ల మొఱ యెవరు విందురు? 2024లో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములను సవరించి, దంపతులకే గాక ఒంటరివారికిని పోషణావకాశ మిచ్చినది. ద్వారము విశాలమగుట మంచిదే. ద్వారము విశాలమైనకొలది కావలియు పెరుగవలదా?

‘దయతో ఇల్లిచ్చినవారిని దొంగలవలె సోదా చేయుదురా?’ అని కొందఱు కినియుచున్నారు. దయగలవారికి తనిఖీ అవమానము కాదు, తోడు. బిడ్డ రాత్రులు ఉలికిపడి యేడ్చినను, బడికి పోనని మొండికేసినను వారు ఎవరితో చెప్పుకొనవలెను? నెలనెల వచ్చు తెలిసిన మనిషితోనే గదా! తనిఖీకి వెఱచువారి యింట బిడ్డ నుంచుటయే తగదు.

కావున మేము కోరునది యిది. పోషణ నాజ్ఞాపించువారు వేఱు, పరీక్షించువారు వేఱు కావలెను. పరీక్షించుటకు ప్రతి జిల్లాకును చాలినంతమంది జీతగాండ్రను నియమింపవలెను. వచ్చినవారు పెద్దల యెదుట గాక బిడ్డతో ఒంటరిగా మాటలాడవలెను. ఎన్ని యిండ్లు చూచిరో, ఎందఱిని తొలగించిరో, పేర్లు బయటపెట్టక లెక్కలు మాత్రము ఏటేట ప్రకటింపవలెను.

ఖర్చగునని అధికారులు చెప్పుదురు. ఆ బిడ్డకు ఓటు లేదు, వకీలు లేడు, పలుకుబడి గల మేనమామ లేడు. ఉన్న యొక్క దిక్కు ప్రభుత్వము. అదియు సంతకముతో సరిపెట్టుకొన్నచో, మనము బిడ్డకు ఇల్లు చూపలేదు. కంటికి కనబడనిచోట విడిచివచ్చితిమి.