తాళం వేసిన చెయ్యి

జనవరి ఆఖరంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజులు. కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉంటాయి. కాపలా మంచాలు కూడా అక్కడే పడతాయి. 2019లో సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా నుంచి తెలుగు ఇళ్లకు ఫోన్లు మొదలయ్యాయి. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరు మీద ఉంటున్న విద్యార్థులను ఇమిగ్రేషన్ అధికారులు పట్టుకుపోతున్నారని ఆ కబురు. తొలి విడతలో నిర్బంధించిన 130 మందిలో 129 మంది మనదేశం వాళ్లే. వాళ్లలో చాలామంది తెలుగు పిల్లలు.

తీరా చూస్తే అసలు యూనివర్సిటీయే లేదు. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. వీసా దళారులను పట్టుకోవడానికి అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ అధికారులే తెరిచిన ఉత్తుత్తి బడి అది. ఎకరం అమ్మో, బంగారం కుదువపెట్టో, బ్యాంకు అప్పు తెచ్చో పిల్లల్ని పంపే ప్రాంతం మనది. ఇలాంటి వార్త వింటే మనకు ముందు కడుపు తరుక్కుపోతుంది, న్యాయాన్యాయాలు తర్వాత గుర్తొస్తాయి. అందుకే ఈసారి అవతలి పక్షంతోనే మొదలుపెడదాం.

విద్యార్థి వీసా చదువుకోవడానికి ఇచ్చేది. క్లాసులు లేవని తెలిసీ, ఉద్యోగం చేసుకుంటూ దేశంలో ఉండిపోవడానికే వీళ్లు డబ్బు కట్టారని ప్రాసిక్యూటర్ల వాదన. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారులు నేరం ఒప్పుకున్నారు కూడా. అంతకుముందు 2011లో బయటపడిన కాలిఫోర్నియా ట్రైవ్యాలీ యూనివర్సిటీ సంగతీ ఇలాంటిదే. సగానికి పైగా విద్యార్థుల చిరునామాగా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్ రాసి ఉంది. ఆ యూనివర్సిటీ యజమానురాలికి 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. నిబంధనను గాలికొదిలేస్తే నష్టపోయేది నిజంగా చదువుకోవడానికి వెళ్లేవాడే. కాన్సులేట్ కిటికీ దగ్గర తెలుగు పేరు చూడగానే అధికారి అనుమానంగా తలెత్తితే, ఆ అనుమానానికి మూల్యం అతనే కట్టాలి. ఎవరిని రానివ్వాలో, ఎవరిని పంపెయ్యాలో నిర్ణయించుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. దాన్ని కాదనలేం.

ఇవతలి పక్షానికీ బలం ఉంది. ఫార్మింగ్టన్ పేరు ప్రభుత్వం ఆమోదించిన సంస్థల జాబితాలోనే ఉంది. సర్కారు జాబితాను నమ్మడం తప్పెలా అవుతుందని విద్యార్థులు అడిగారు. ఏడాదికి దాదాపు 12,000 డాలర్ల ఫీజు కట్టించుకున్నదీ సర్కారు మనుషులే. ఆ ఫీజు కోసం ఒక విద్యార్థి వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024లో అప్పీలు కోర్టు దాన్ని మళ్లీ విచారణకు పంపింది. ఇంకో తిరకాసు ఉంది. ఇమిగ్రేషన్ నిర్బంధం చట్టం దృష్టిలో శిక్ష కాదు, సివిల్ వ్యవహారం. దొంగతనం కేసులో ఇరుక్కున్న పేదవాడికి అమెరికా ప్రభుత్వం తన ఖర్చుతో లాయరును పెడుతుంది. వీసా కేసులో నిర్బంధంలో ఉన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే తానా, ఆటా వంటి తెలుగు సంఘాలు లాయర్ల కోసం పరుగులు పెట్టాల్సి వచ్చింది.

ట్రైవ్యాలీ విద్యార్థుల కాళ్లకు రేడియో కాలర్లు తగిలించినప్పుడు మనదేశం మండిపడింది. పశువులకు కట్టినట్టు కట్టారన్నారు. జైల్లో పెట్టకుండా బయట తిరగనివ్వడానికే ఆ ఏర్పాటని అమెరికా బదులిచ్చింది. ఈ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. జైలు కంటే కాలరు మేలే. కానీ తప్పు చేశారో లేదో తేలకముందే మేలు కీడుల కొలత జైలు దగ్గర ఎందుకు మొదలవ్వాలన్నది అసలు ప్రశ్న.

గుంటూరు మిరప వ్యాపారంలో దీనికి దగ్గరి పోలిక ఒకటుంది. ధర రాలేదని రైతు టిక్కీలను, అంటే మిరప బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. సరుకు తాలా, మేలురకమా అన్న తగువు తర్వాత వ్యాపారికీ రైతుకీ మధ్య నడవొచ్చు. నాసిరకం కాబట్టి లోపల తడిసినా పర్వాలేదని మాత్రం స్టోరేజీ యజమాని అనలేడు. సరుకు ఎవరిదైనా, లోపల పెట్టి తాళం వేసినవాడే దానికి జవాబుదారీ. మనిషి విషయంలో ఈ సూత్రం ఇంకాస్త గట్టిగా వర్తించాలి. పంపెయ్యడానికి ప్రభుత్వానికి హక్కుండవచ్చు, కానీ పంపేదాకా అతని తిండి, మందు, లాయరుతో మాట, ఇంటికి ఫోను ఆ ప్రభుత్వం పూచీయే.

పంపిన దేశం మాటేమిటి? మన విదేశాంగ శాఖ 2019 ఫిబ్రవరి 2న అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన తెలిపింది. వాషింగ్టన్‌లో హెల్ప్‌లైన్ పెట్టింది. తెలిసి తప్పు చేసినవాడి కోసం ప్రజల సొమ్ము ఖర్చుపెట్టాలా అని అడిగేవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. అర్థం లేని ప్రశ్నేం కాదది. అయితే ఊరూరా కన్సల్టెన్సీ బోర్డులు వేలాడుతుంటే చూస్తూ ఊరుకున్న ప్రభుత్వం, పిల్లలు పట్టుబడ్డాక మాత్రం చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇంతవరకూ మాట్లాడింది పాతికేళ్ల వయసు వాళ్ల గురించి. వాళ్లు ఎంచుకునే వెళ్లారు. పసిపిల్లల దగ్గరికి వచ్చేసరికి ‘కోరి తెచ్చుకున్నారు’ అన్న వాదన నిలబడదు. 2018లో మెక్సికో సరిహద్దు దాటి అమెరికాలోకి వచ్చిన తల్లిదండ్రుల మీద కేసులు పెట్టి, వేలమంది పిల్లలను వాళ్ల నుంచి వేరుచేశారు. పిల్లలుంటే వదిలేస్తారని తెలిస్తే, దళారులు పిల్లలనే పాసులుగా వాడతారన్నది ప్రభుత్వ వాదన. ఆ భయం ఒట్టిది కాదు. అయినా దళారిని భయపెట్టడానికి పసిబిడ్డను వాడుకోవడం ఏ లెక్కలోనూ కుదరదు. ఆ జూన్‌లోనే కోర్టు జోక్యం చేసుకుని, ఐదేళ్లలోపు వాళ్లను 14 రోజుల్లో, మిగిలినవాళ్లను 30 రోజుల్లో కన్నవాళ్లకు అప్పగించమంది.

అమెరికాను అడిగిన నోటితో మనల్ని మనమూ ప్రశ్నించుకోవాలి. పిల్లల నిర్బంధం ఆఖరి మార్గంగానే, అతి తక్కువ కాలమే ఉండాలనే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మనదేశం 1992లో చేరింది. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో మాత్రం చేరలేదు. హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల గుడిసెల్లో రోహింగ్యాలు వేల సంఖ్యలో ఉన్నారు. 2021లో జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. జీవించే హక్కు, సమానత్వ హక్కు పౌరులు కానివారికీ ఉన్నాయి. దేశంలో నివసించే హక్కు పౌరులకే ఉంది కాబట్టి, పద్ధతి ప్రకారం పంపెయ్యవచ్చు. 2025 ఫిబ్రవరిలో రోహింగ్యా పిల్లల చదువు కేసులో, ఏ బిడ్డపైనా వివక్ష ఉండదని అదే కోర్టు అంది. ఉండనివ్వాలా వద్దా అన్న ప్రశ్న, ఉన్నన్నాళ్లూ ఎలా చూసుకోవాలన్న ప్రశ్న వేర్వేరని ఈ తీర్పులు ఒప్పుకున్నట్టే. పిల్లల కన్నవాళ్లను ‘పద్ధతి ప్రకారం’ పంపేటప్పుడు ఈ రెండు ప్రశ్నల మధ్య గీత ఎంతవరకు నిలుస్తుందన్నది నాకు మిగిలిన సందేహం.

ఆఖరికి మన కల్లం దగ్గరికే వద్దాం. ఏటా కర్నూలు పడమటి పల్లెల నుంచి, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీతకూ మిరప కోతకూ మన మెట్టకు వస్తాయి. వాళ్ల మాటలో అది సుగ్గి. వెనక పిల్లలూ వస్తారు. వాళ్లు పరాయిదేశస్థులు కారు, వాళ్లను ఎవరూ బంధించలేదు. పోలిక అక్కడితో ఆగాలి. కానీ ‘ఈ పిల్లలు ఎవరి పూచీ?’ అన్న ప్రశ్న మాత్రం అదే. వాళ్ల కోసమే అక్కడ సీజనల్ హాస్టళ్లు పెట్టామని ఆ జిల్లా అంటుంది. నడి ఏడాదిలో వచ్చి నాలుగు నెలల్లో వెళ్లిపోయే పిల్లలకు పుస్తకాలు, భోజనం ఎక్కడి నుంచి తేవాలని ఇక్కడి పంతులు అంటాడు. ఇద్దరి ఇబ్బందీ నిజమే. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ మాత్రం వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యతను స్థానిక సంస్థ మీదే పెట్టింది. బిడ్డ ఎక్కడ పుట్టిందని అడగలేదు, ఇప్పుడు ఎక్కడుందో చూడమంది.

మిషిగన్‌లో మన పిల్లల కోసం మనం కోరుకున్నదీ అంతకంటే ఎక్కువేం కాదు. వచ్చే జనవరిలో కోతలు ఊపందుకున్నాక, మన ఊరి బడి రిజిస్టరులో సుగ్గి పిల్లల పేర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూస్తే, వాషింగ్టన్‌ను నిలదీసే అర్హత మనకెంత ఉందో తేలిపోతుంది.