డాక్టరు గారి పేజీ: కరెంటు, కారు, ఊపిరి

పోయిన సమావేశంలో పకోడీల దగ్గర ఒక వాదన వచ్చింది. కరెంటు కార్లు నగరంలో ఉన్నవాళ్ళ షోకు, పల్లెల్లో ఎందుకూ కొరగావని ఒక మిత్రుడి అభిప్రాయం. అప్పుడు నా నోట్లో పకోడీ ఉంది కనుక ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

2022 సెప్టెంబరు 24న వచ్చిన ఫియోనా తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. నోవా స్కోషియాలో 4 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని పల్లె ఇళ్ళు రెండు వారాలు చీకట్లో ఉన్నాయి. ఇక్కడి పల్లెల్లో కరెంటు పోతే నీళ్ళూ పోతాయి. చాలా ఇళ్ళకు సొంత బావి, దానికి మోటారు. మన ఊరి బావికి చేద అయినా ఉండేది.

నా పేషెంటు ఒక పెద్దాయన, ఈస్టర్న్ షోర్‌లో పాత జాలరి, ఇంట్లో ఆక్సిజన్ మిషను మీద ఉన్నాడు. దగ్గరున్న సిలిండర్లు అయిపోయాక ఆస్పత్రికి వచ్చాడు. జబ్బు ముదిరి కాదు, ప్లగ్గు కోసం!

లెక్క చూడండి. ఆ మిషనుకు సుమారు 350 వాట్లు కావాలి, అంటే రోజుకు 8 యూనిట్ల పైచిలుకు. ఓ మోస్తరు కరెంటు కారు బ్యాటరీలో 60 యూనిట్లు పడతాయి. అందులో సగం వాడుకున్నా మూడు రోజులు గడుస్తుంది. అయితే బయటి సామానుకు కరెంటు ఇచ్చే ఏర్పాటు అన్ని కార్లకూ లేదు, అడిగి కొనాలి.

జనరేటరు ఉందిగా అంటారు. దాన్ని గరాజులో పెట్టి నడిపితే కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, వాంతులు చూసి ఫ్లూ అనుకుని పడుకుంటారు, కొందరు మరి లేవరు.

కప్పు మీద సోలార్ పలకలున్నాయని నిశ్చింతగా ఉండకండి. లైను బాగుచేసేవాళ్ళకు షాకు కొట్టకుండా, గ్రిడ్డు పోగానే అవీ ఆగిపోతాయి. విడిగా బ్యాటరీ, తగిన ఇన్వర్టరు ఉంటేనే పనిచేస్తాయి. యూకాన్‌లో రోడ్డే లేని ఓల్డ్ క్రో గ్రామానికి డీజిలు విమానంలో రావాలి. అక్కడి వుంటుట్ గ్విచిన్ ప్రజలు 2021లో 940 కిలోవాట్ల సోలార్ కేంద్రం సొంతంగా పెట్టుకున్నారు, దానికి బ్యాటరీలూ ఉన్నాయి. వేసవిలో డీజిలు ఇంజన్లు ఆపగలుగుతున్నారు.

మా పెద్దాయన మొన్న వచ్చాడు. పక్కింటివాళ్ళు అలాంటి కారు కొన్నారట. వాళ్ళ వాకిట్లోంచి తన పడకగది కిటికీకి ఎన్ని అడుగుల తీగె కావాలో కొలుచుకుని వచ్చాడు.