ఆలస్యంగా వచ్చిన అతిథులు

క్రిస్మస్ నాటకంలో ఆ ముగ్గురూ ఉండాల్సిందే. అట్టముక్కకు బంగారు కాగితం అంటించిన కిరీటాలు, అమ్మల పట్టుచీరలతో కట్టిన అంగీలు, చేతిలో తలో పెట్టె. గొర్రెల కాపరుల వెనకే పశువుల పాకలోకి వచ్చి మోకరిల్లుతారు. చప్పట్లు, తెర.

కానీ మత్తయి సువార్త రెండో అధ్యాయం తెరిచి చూడండి. వాళ్లు రాజులని లేదు, ముగ్గురని లేదు, పేర్లూ లేవు. తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు, అంతే. వాళ్లు అడుగుపెట్టింది పాకలోకి కాదు, ఇంట్లోకి. కానుకలు మాత్రం మూడు... బంగారం, సాంబ్రాణి, బోళం. కాబట్టి తెచ్చినవాళ్లూ ముగ్గురే అయి ఉంటారని తర్వాతివాళ్లు లెక్కకట్టారు. కాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అని పేర్లు పెట్టి, రాజుల్ని చేశారు.

క్రిస్మస్ తర్వాత పన్నెండో రోజున, జనవరి 6న వచ్చే ఎపిఫనీ వీళ్ల పండగే. సెలవు లేని దేశాల్లో క్యాథలిక్కులు దాన్ని దగ్గర్లోని ఆదివారం చేసుకుంటారు. 'ప్రత్యక్షం కావడం' అని ఆ గ్రీకు మాటకు అర్థం. యూదుల రాజుగా పుట్టిన బిడ్డను వెతుక్కుంటూ వచ్చి మొక్కింది ఎక్కడివాళ్లో పరాయివాళ్లు. పక్కనే జెరూసలేంలో ఉన్న హేరోదు రాజుకేమో ఆ కబురు వినగానే గుండె గుభేలుమంది. ఆ బిడ్డ ఒక్క జాతికే కాదు, లోకానికంతటికీ కనిపించాడన్నదే పండగ సారం. అన్నట్టు, డిసెంబరు రాగానే మన ఊళ్లలో క్రైస్తవుల ఇళ్లముందు వెలిగే కాగితపు నక్షత్రం ఈ జ్ఞానులకు దారి చూపిందే.

స్పెయిన్ పిల్లలు కానుకల కోసం ఉత్తరాలు రాసేది ఈ రాజులకే. జనవరి 5 సాయంత్రం వీధుల్లో రాజుల ఊరేగింపు చూసొచ్చి, బూట్లు కనిపించేలా పెట్టి, ఒంటెలకు నీళ్లు కూడా ఉంచి పడుకుంటారు. అల్లరి పిల్లలకు బొగ్గులే! భయపడక్కర్లేదు, అవి పంచదారతో చేసిన బొగ్గులు. తెల్లారి తినే గుండ్రటి కేకులో ఓ చిన్న బొమ్మ, ఓ ఎండు గింజ దాస్తారు. బొమ్మ దొరికినవాళ్లు రాజు. గింజ దొరికినవాళ్లు కేకు డబ్బులివ్వాలి.

ఇటలీలో రాజుల పని ఓ ముసలమ్మ చేస్తుంది. పేరు బెఫానా. ఎపిఫనీ అన్న మాటే జనం నోట్లో నలిగి అలా అయింది. జ్ఞానులు దారి అడుగుతూ ఆమె గుమ్మం ముందు ఆగారట. 'నువ్వూ రా అమ్మా' అని పిలిచారట. ఇల్లు ఊడ్చుకోవాలి, బోలెడు పనుంది, రాలేనంది. వాళ్లు వెళ్లిపోయాక మనసు పీకింది. మూట కట్టుకుని పరుగెత్తింది. అప్పటికి వాళ్లూ లేరు, నక్షత్రమూ లేదు. ఆ బిడ్డ ఎవరింట్లో ఉన్నాడో తెలియక ఇప్పటికీ ప్రతి ఇంటికీ వెళ్లి పిల్లల మేజోళ్లలో ఏదో ఒకటి పెట్టిపోతూనే ఉంది, చీపురు మీద ఎగురుతూ. పని తెమలక పెళ్లికో పేరంటానికో వెళ్లలేకపోయిన ఇల్లాళ్లెవరికీ ఈవిడ మీద కోపం రాదు.

జర్మనీలో అయితే రాజుల వేషం కట్టిన పిల్లలు నక్షత్రం పట్టుకుని ఇంటింటికీ పాడుతూ వెళ్తారు. గుమ్మం మీద సుద్దతో ఆ ఏడాది అంకెల మధ్య సి, ఎం, బి అని రాస్తారు. రాజుల పేర్లలోని మొదటి అక్షరాలవి. 'క్రీస్తు ఈ ఇంటిని దీవించుగాక' అనే లాటిన్ మాటలకూ అవే పొడి అక్షరాలు. వాళ్లు పోగుచేసిన డబ్బు 1959 నుంచీ పేద దేశాల పిల్లలకు వెళుతోంది.

గ్రీసు, ఇథియోపియాల్లో ఇదే పండగ జ్ఞానులది కాదు, యేసు బాప్తిస్మానిది. గ్రీసులో పూజారి సముద్రంలోకి శిలువ విసిరితే, దానికోసం కుర్రాళ్లు చలినీళ్లలోకి దూకుతారు.

రాజుల్ని చూడాలంటే అంత దూరం వెళ్లక్కర్లేదు, గోవా చాలు. జనవరి 6న కన్సౌలిం, ఆరోసిం, క్వెలిం గ్రామాల నుంచి ఒక్కో పిల్లవాడు కిరీటం పెట్టుకుని, నిజం గుర్రమెక్కి బయల్దేరతాడు. మూడు దార్లలో వచ్చిన ఆ ముగ్గురు చిన్నారి రాజులూ కొండమీది చిన్న గుడిలో కలుసుకుంటారు. కిందినుంచి ఊళ్లకు ఊళ్లే వాళ్ల వెంట కొండెక్కుతాయి.