వినే ఫోను, పలకని ఫోను

గత నెల ఒక జుమా నాడు నమాజ్ ముగించుకుని నాంపల్లి నుంచి అబిడ్స్‌కు నడుస్తున్నాము. మా చేతిలో పొరుగింటి ఖాలా ఇచ్చిన చిన్న మీటల ఫోను ఉంది. ఆమె కుమారుడు గల్ఫ్‌లో ఉంటాడు. మూడు రోజులుగా అతని నుంచి పిలుపు లేదు, ఆమెకు నిద్ర లేదు. దారిలో ఒక దుకాణదారు ఫోనును అటూ ఇటూ తిప్పి, "ఇక పనికిరాదు, కొత్తది కొనండి" అని తేల్చేశాడు. జగదీశ్ మార్కెట్‌లో మరమ్మతులు చేసే ఒక యువకుడు మాత్రం ఓపికగా నెట్‌వర్క్‌లను వెతికించాడు. కంపెనీల పేర్లన్నీ తెరపైకి వచ్చాయి. కానీ ఏది ఎంచుకున్నా ఫోను నమోదు కాలేదు. "చాచా, ఇది చెవిటిది కాదు, మూగది. టవర్ మాట వింటోంది, జవాబే చెప్పలేకపోతోంది" అన్నాడతను.

ఫోనులో వినే భాగం వేరు, పలికే భాగం వేరు. పలికే భాగమే ట్రాన్స్‌మిటర్. మన గొంతును మైకు విద్యుత్ అలలుగా మారుస్తుంది. ఆ అలలను సెకనుకు 8000 సార్లు కొలిచి, చిప్ వాటిని అంకెలుగా కుదిస్తుంది. అంకెలు తమంతట తాము గాలిలో ప్రయాణించలేవు. వాటిని మోయడానికి ఒక వాహక తరంగం కావాలి. ఒక చిన్న స్ఫటికపు నిలకడైన కంపనాన్ని ఆధారం చేసుకుని, సెకనుకు సుమారు 90 కోట్ల సార్లు కంపించే తరంగం తయారవుతుంది. అంకెలకు అనుగుణంగా దాని కంపనాన్ని స్వల్పంగా మార్చడమే మాడ్యులేషన్. అప్పటికీ అది బలహీనమైనదే. పవర్ యాంప్లిఫయర్ అనే చిన్న చిప్ దానికి బలమిచ్చి యాంటెన్నాకు అందిస్తుంది. ఖాలా ఫోనులో చెడిపోయింది అదే.

పిలుపు అందుకోవాలన్నా ఫోను తానెక్కడుందో ముందుగా టవర్‌కు చెప్పుకోవాలి. ఆ మాట చెప్పలేని ఫోనుకు కుమారుడు ఎన్నిసార్లు పిలిచినా అందదు.

ప్రసారం అబిడ్స్‌కు కొత్త కాదు. 1930వ దశకంలో ఇక్కడి చిరాగ్ అలీ లేన్‌లోనే తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో రేడియో కేంద్రం నెలకొల్పారు. 1935లో దానిని నిజాం ప్రభుత్వం స్వీకరించింది. అదే దక్కన్ రేడియో. మీటల ఫోను గరిష్ఠ బలం అందులో నూరో వంతు, అంటే 2 వాట్లు. 4జీ ఫోనుకు సాధారణంగా 0.2 వాటే. గల్ఫ్ దాకా మన గొంతును మోసేది ఫోను కాదు. అది సమీపంలోని టవర్‌ను చేరితే చాలు, మిగిలిన దారి తీగలు చూసుకుంటాయి.

టవర్ దగ్గరుంటే ఫోను కొన్ని మిల్లీవాట్లతోనే సరిపెట్టుకుంటుంది. సెల్లార్లలో, లిఫ్టుల్లో సంకేతం బలహీనపడగానే పూర్తి బలంతో పలుకుతుంది. బ్యాటరీ త్వరగా తరిగిపోవడానికి, ఫోను వేడెక్కడానికి ఇదొక కారణం. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి శరీరం గ్రహించే రేడియో శక్తికి కిలోగ్రాముకు 1.6 వాట్ల పరిమితి ఉంది. భయపడనక్కరలేదు, నిర్లక్ష్యమూ తగదు. సంకేతం లేని చోట దీర్ఘ సంభాషణలు మానడం, పసిపిల్లల తలగడ దగ్గర ఫోను ఉంచకపోవడం మంచిది.

మస్జిద్ విషయంలో మరొక జాగ్రత్త ఉంది. మీటల ఫోను మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 217 సార్లు విడివిడిగా పలుకుతుంది. ఖుత్బా మధ్య మైకులో వినిపించే గరగర శబ్దం అదే. ఫోనును సైలెంట్‌లో ఉంచితే గంట ఆగుతుంది గాని ట్రాన్స్‌మిటర్ ఆగదు. మింబర్ దగ్గర కూర్చునే సోదరులు దానిని పూర్తిగా ఆపివేయడమే ఉత్తమం.

యువకుడు చిప్ మార్చాడు. ఇల్లు చేరేలోపే ఫోను మోగింది. ఖాలా తలుపు దగ్గరే నిలబడి, కుమారుని గొంతు విని, "అల్‌హమ్దులిల్లాహ్" అంటూ కన్నీరు తుడుచుకున్నారు.

ఆ రాత్రి మాకు ఒక ఆలోచన కలిగింది. ముఅజ్జిన్ పిలుపు రోజుకు ఐదు సార్లు మన చెవిన పడుతూనే ఉంది. తల్లిదండ్రుల పిలుపూ పడుతోంది. మన వినికిడిలో లోపం లేదు. జవాబు సంగతి ఏమిటో ఎవరికి వారు తమ హృదయాన్ని అడిగి చూసుకోవాలి.